తిరుపాలమ్మ గుండ్ల దండ

ఈ వేసవి వరకు నేను మూడు బ్యాంకుల్లో పని చేశాను. ఏ బ్యాంకుకూ ఉద్యోగిని కాను. జనం కుదువ పెట్టడానికి తెచ్చే నగలు గీటురాయి మీద గీసి, ఎన్ని క్యారెట్లో కాగితం మీద రాసి సంతకం పెట్టడం నా పని. అప్రైజర్ అంటారు. జీతం లేదు, సెలవు లేదు. అప్పు తీసుకునే ఒక్కొక్కరూ కట్టే రుసుములో నాకింత అని వచ్చేది. ఎవరూ రాని రోజు ఏమీ రాదు. ప్యానెల్ అనే పట్టీలో ఏడాదికోసారి నా పేరు మళ్ళీ రాసేవాళ్ళు. రాయకపోతే ఇంటికి పోవాలి.

గుత్తిలో రెండు, యాడికి అనే ఊరి దారిలో ఒకటి. మూడింట్లోనూ నాకు కుర్చీ లేదు. క్యాష్ కౌంటర్ పక్కన ఒక స్టూలు ఉండేది.

నేను రాసిన నగ తక్కువదని తర్వాత తేలితే ఆ నష్టం నేను కట్టాలి. ఆరు నెలలకోసారి వేరే ఊరి అప్రైజర్ వచ్చి, సంచుల సీలు విప్పి మళ్ళీ గీస్తాడు. అందుకని నేను ఎవరికీ అర క్యారెట్ కూడా ఎక్కువ రాయలేదు. పురుటికని వచ్చినవాళ్ళకూ రాయలేదు, చావుకని వచ్చినవాళ్ళకూ రాయలేదు. జనం నన్ను రాయి అన్నారు. మేనేజర్లు నిక్కచ్చి మనిషి అన్నారు.

మూడేళ్ళ కిందట ఏప్రిల్‌లో ఈశ్వరి వచ్చింది.

యాడికి అవతల చీనీ, అంటే బత్తాయి, తోటలున్న ఊరు ఆమెది. నలభై దాటి ఉంటుంది. తువ్వాలులో చుట్టిన మూట నా ముందు పెట్టి నిలబడే మాట్లాడింది.

"ఆచారన్నా, బిరబిరా చూడు. బోరు బండి ఊర్లో ఉండాది. రేపు పొద్దున కర్ణాటకకు ఎత్తేస్తారంట."

"బండి ఎత్తేస్తే ఇంకో బండి వస్తాదిలే," అన్నాను.

"బండి వస్తాది. చీనీ చెట్లు ఆగల్ల కదా. రెండు నూర్ల చెట్లప్పా. ఆకు ముడుచుకుండాది. ట్యాంకరు నీళ్ళు పోసి పోసి ఇంట్లో మనుషులు తాగేదానికి లేకుండా చేసుకున్యాం."

మూట విప్పాను. గుండ్ల దండ. నలభై గుండ్లు, నాలుగు తులాలు. ఎర్ర దారం మార్చి చాలా రోజులైంది.

గీయకముందే నాకు తెలిసింది. బ్యాంకుల పనికి ముందు నేను యాడికిలో కంసాలిని, ఎడమచేతివాణ్ణి. కొక్కెం తీగ అందరూ కుడికి మెలితిప్పుతారు. ఈ దండ కొక్కెం ఎడమకు తిరిగి ఉంది. మా వీధిలో అట్లా తిప్పినవాడు నేనొక్కణ్ణే.

"ఇది యాడ చేపించినారు?" అని అడిగాను. అడగాల్సిన పని లేదు.

"మా అమ్మ చేపించిందన్నా. తిరుపాలమ్మ. యాడికిలో ఎవురో ఆచారి దగ్గర. నేను చిన్నపిల్లను అప్పుడు. ఏటికి ఒక పొట్టేలు అమ్మేది, గుండ్లు చేపించేది. మా ఆయన బోర్లు వేపిచ్చేదానికి ఉన్నదంతా అమ్మేస్తాడని, సచ్చేవరకు తన దగ్గరే పెట్టుకున్యాది. పోయినేడు పోయింది. అప్పుడొచ్చింది నా చేతికి."

తిరుపాలమ్మ నాకు గుర్తుంది. పొడుగు మనిషి. గొర్రెల వాసన వస్తుందని తానే అరుగు కింద కూర్చునేది. పైకి రమ్మంటే వచ్చేది కాదు. "నా బిడ్డ మెడ నిండాల నాయనా, మంచి బంగారం పెట్టు," అనేది. మెడలో సంచి నుంచి నోట్లు తీసి, లెక్కపెట్టకుండా నా చేతిలో పెట్టేది. నేనే లెక్కపెట్టి మిగిలినవి ఇచ్చేవాణ్ణి. రూపాయి తేడా లేకుండా ఇచ్చేవాణ్ణి. బంగారంలో మాత్రం రాగి కలిపాను.

ఆ ఏడు వాన పడలేదు, కొలిమిలో నిప్పు లేదు, అందుకే చేశానని చాలా కాలం అనుకున్నాను. ఆమె ఆరేళ్ళు వచ్చింది. ఆరేళ్ళూ కలిపాను. అందులో రెండేళ్ళు వానలు బాగా పడ్డాయి.

రాయి మీద గీశాను. క్యారెట్లు తెలిసిన సూది గీతతో పోల్చాను. ఆమ్లం చుక్క వేశాను. పదహారు క్యారెట్లు. నాలుగు తులాల్లో ఒక తులం నేను తిన్నాను. పదహారు అని నాకు గీయకుండానే తెలుసు. అయినా మూడుసార్లు గీశాను, చేతికి పని ఉండాలని.

ఇరవై రెండు అని రాసి ఉండవచ్చు. ఆమె బోరు వేయించుకునేది. పంట వస్తే విడిపించుకునేది, దండ పెట్టెలోకి పోయేది, ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. లేదంటే తనిఖీలో దొరికేది. దొరికితే ఆ తులం నేను కట్టాలి, ప్యానెల్‌లో పేరు పోతుంది. నేను నిజం రాశాను. నా జీవితంలో అంత పనికిమాలిన నిజం ఇంకొకటి రాయలేదు.

మేనేజరు దివాకర్ గుంటూరు వైపు మనిషి. కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు.

"పద్దెనిమిది కన్నా తక్కువైతే మా బ్యాంకు తీసుకోదమ్మా. వెనక్కి తీసుకెళ్ళండి."

ఈశ్వరికి అర్థం కాలేదు. "తీసుకోకపోవడమేంది సార్? బంగారమే కదా?"

"బంగారమే. రాగి ఎక్కువుంది. చేసినవాడైనా ముంచి ఉండాలి, మధ్యలో ఎవరైనా మార్చైనా ఉండాలి. మాకు సంబంధం లేదు."

ఆమె నా వైపు తిరిగింది. "ఆచారన్నా, నువ్వు చెప్పు. మార్చినారంటావా?"

నేను తలెత్తలేదు. అప్పుడు నేను అన్న మాట ఇది. ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

"మీ అమ్మ పోయేముందు ఎవరి దగ్గర ఉండిందో చూసుకోండి."

ఆమె మొహం మారిపోయింది. తువ్వాలు మూట కట్టింది, ముడి పడలేదు, మళ్ళీ కట్టింది. ఇంకేమీ అడగకుండా పోయింది. నేను తర్వాతి మనిషిని పిలిచాను.

ముసలామె ఎవరి దగ్గర ఉండిందో నాకు అప్పుడు తెలియదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు. తిరుపాలమ్మ చివరి రెండేళ్ళు మంచం మీద ఉంది, కొడుకు కేశవ ఇంట్లో. పెట్టె తాళం కోడలు వనజాక్షి దగ్గర ఉండేది. ముసలామెకు ఒళ్ళు తుడిచింది, అన్నం పెట్టింది, ఎత్తిపోసింది వనజాక్షే. ఇదంతా నాకు నాలుగు నెలల తర్వాత తెలిసింది.

చెప్పింది నా భార్య సుబ్బలక్ష్మమ్మ. ఆమెకు చెప్పింది ఆ ఊరి నుంచి గుత్తికి పూలు తెచ్చి అమ్మే ఆంజినమ్మ. ఆ రోజు మధ్యాహ్నం నేను బ్యాంకు నుంచి అన్నానికి వచ్చాను. కంచం పెట్టింది కానీ వడ్డించలేదు.

"ఈశ్వరి అనే ఆయమ్మ దండ నువ్వు చూసినావా?"

"రోజుకు ఇరవై దండలు చూస్తా."

"తిరుపాలమ్మ దండ. కొలిమి తిత్తి ఊదింది నేను. రాగి నా కండ్ల ముందరే వేసినావు. అబద్ధమాడొద్దు."

ఆమె చెప్పుకుపోయింది.

ఈశ్వరి బ్యాంకు నుంచి నేరుగా తమ్ముడి ఇంటికి పోయిందట. వీధిలో నిలబడి వనజాక్షిని దొంగ అన్నదట. కేశవ ముందు అక్కను తిట్టాడు, తర్వాత పెళ్ళాన్ని కొట్టాడు. బోరు బండి తెల్లారి వెళ్ళిపోయింది. పెద్దమనుషులు కూర్చున్నారు. బ్యాంకు ఆచారే చెప్పినాడంట కదా అన్నారట. నా మాటకు అంత విలువ ఉంది ఆ ఊర్లో. చివరికి వనజాక్షిని ఆంజనేయస్వామి గుడి దగ్గర ప్రమాణం చేయమన్నారు. ఆమె తల స్నానం చేసి తడి చీరతో వచ్చింది. బండ మీద వెలిగించిన కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, "నేను తీసింటే నా కడుపు పండకుండా పోనీ," అన్నది.

అప్పుడు ఆమెకు మూడో నెల. పెళ్ళైన ఏడేళ్ళకు నిలిచిన కడుపు.

ఐదో నెలలో పోయింది.

"ఊరంతా ఏమనుకుంటాండారో తెలుసునా?" అన్నది సుబ్బలక్ష్మమ్మ. "దేవుడు చూపిచ్చినాడు అంటాండారు. దొంగ ప్రమాణం చేసింది, అందుకే పోయింది అంటాండారు. బావి కాడ ఆయమ్మ బిందె పక్కన ఎవురూ బిందె పెట్టరంట. పో. ఇప్పుడే పో. పోయి చెప్పు."

"ఏం చెప్పాల?"

"నేనే దొంగనని చెప్పు."

"చెప్తే ప్యానెల్ పోతాది. ఒక బ్యాంకులో పోతే మూడింట్లో పోతాది. నీ మందులకు దుడ్లు యాడినుంచి తేవాల?"

ఆమెకు సుగరు. రెండు మూత్రపిండాలూ సగానికి వచ్చాయని అనంతపురంలో డాక్టరు చెప్పి ఏడాది అయ్యింది.

"నా మందుల కోసరం ఆ బిడ్డ దొంగ కావల్లనా?" అన్నది.

నేను లేచి చేతులు కడుక్కోకుండానే బ్యాంకుకు వెళ్ళిపోయాను. అన్నం తినలేదు కాబట్టి కడుక్కోవాల్సిన పనీ లేదు.

ఆ తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు. వంట చేసింది, బట్టలు ఉతికింది, అడిగినదానికి జవాబు చెప్పింది. నేను నెలనెలా మందులు తెచ్చాను. చేతిలో పెడితే తీసుకునేది. మనసు మారిందనుకున్నాను. తొమ్మిది నెలలకు కాళ్ళు ఉబ్బి, ఆయాసం వచ్చి, పెద్దాసుపత్రిలో మూడో రోజు పోయింది. పదకొండో రోజు తర్వాత అటక మీద చేట కోసం వెతికితే మందుల సంచులు దొరికాయి. తొమ్మిది నెలలవి తొమ్మిది సంచులు. ఒక్క మాత్ర కూడా తీయలేదు.

మాకు పిల్లలు లేరు. నన్ను అడిగేవాళ్ళు లేరు.

ఇంక మందుల ఖర్చు లేదు. ప్యానెల్ పోయినా ఒక్క కడుపే. అయినా రెండేళ్ళు నేను ఆ ఊరికి పోలేదు. దీనికి నా దగ్గర కారణం లేదు. ఉదయం స్నానం చేసి, రాయి సంచిలో వేసుకుని, స్టూలు మీద కూర్చున్నాను. జనం తల్లుల నగలు తెచ్చారు, చూసి రాశాను.

ఈ మే నెలలో ఒక శుక్రవారం దివాకర్ గదిలోకి పోయి నా పేరు తీసేయమన్నాను.

"అదేంటండీ ఆచారి గారూ! మీలాంటి నిక్కచ్చి మనిషి నాకు మళ్ళీ ఎక్కడ దొరుకుతాడు?"

ఎందుకో చెప్పాను. ఆయన లేచి తలుపు మూశాడు.

"ఈ మాట ఇక్కడ అన్నారు, సరే. ఇంకెక్కడా అనకండి. మీరు చూసిన సంచులన్నీ నేను మళ్ళీ తీయించాలి. పైవాళ్ళు నా మెడ మీద కూర్చుంటారు. ఆరోగ్యం బాగాలేదని రాసివ్వండి, చాలు."

"ఆరోగ్యం బాగానే ఉంది," అన్నాను.

"రాయండి మహానుభావా."

రాసిచ్చాను. అదీ అబద్ధమే. లెక్కలో కలిపాను.

మరుసటి రోజు యాడికి బస్సెక్కి, అక్కడినుంచి ఆటోలో పోయాను. ఈశ్వరి తోటలో ఉంది. తోట అనకూడదు. చెట్లు కొట్టేశారు. మోళ్ళు వరసగా ఉన్నాయి. కట్టెలు కుప్ప వేస్తూ ఉంది. నన్ను గుర్తుపట్టింది.

"ఏమప్పా ఆచారీ, ఇంత దూరం వస్తివి? కట్టెలకు కూడా క్యారెట్లు రాస్తాండావా?"

నేను నిలబడే చెప్పాను. దండ నేనే చేశానని. ఆరేళ్ళు రాగి కలిపానని. ఎవరూ మార్చలేదని. ఆ రోజు బ్యాంకులో తెలిసే ఆ మాట అన్నానని.

ఆమె చేతిలో కట్టె అట్లాగే ఉంది. కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. కట్టె కుప్ప మీద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఎంత తింటివి?"

"తులం."

నేను తెచ్చిన పొట్లం చాచాను. సుబ్బలక్ష్మమ్మ గాజులు రెండు. ఒకటిన్నర తులం పైనే ఉంటాయి.

ఆమె పొట్లం వైపు చూసింది. "ఇది మంచి బంగారమని ఎవురు చెప్పాల? నువ్వేనా?"

పొట్లం జేబులో పెట్టుకున్నాను.

"నేను వీధిలో నిలబడి దాన్ని దొంగ లంజ అంటిని," అన్నది ఈశ్వరి. నాతో అన్నట్టు లేదు. "మా అమ్మ గుడ్డలు ఉతికిందాన్ని. నేను ఒక్క పొద్దు ఉతికినానా? రెండేండ్లు అదే ఉతికింది."

కాసేపటికి ఫోను తీసింది. "కేశవ, వనజాక్షి బెంగుళూరులో ఉండారు. అపార్ట్‌మెంటు కాడ వాచ్‌మన్ పని. మూడేండ్లు నేను ఫోన్ చేసిందే లేదు. నాకు చెప్పేది సులువప్పా. నేను పోగొట్టుకునింది బంగారం. దానికి చెప్పు."

నంబరు నొక్కింది. అవతల ఆడగొంతు "ఎవురూ?" అన్నది. ఈశ్వరి ఫోను నా చేతిలో పెట్టి వెనక్కి తిరిగి నిలబడింది.

నేను మళ్ళీ మొదటినుంచి చెప్పాను. అవతల కుక్కరు విజిల్ వేసింది. ఇంకోసారి వేసింది. ఫోను పెట్టేసిందేమో అనుకున్నాను.

"అయిపోయిందా చెప్పేది?" అన్నది వనజాక్షి.

"అయిపోయిందమ్మా."

"అన్నా అని పిలిచే వయసు నీది. పిలవను. నాకు చెప్తే ఏమొస్తాది? నేను తీయలేదని నాకు తెల్దా? ఊరికి చెప్పు. వచ్చే శనివారం పొద్దున గుడికాడ అందరూ ఉంటారు. ఆడ చెప్పు."

"చెప్తాను."

"నువ్వు చెప్పినాక ఆడనుంచే నాకు ఫోన్ చెయ్యి. వాళ్ళు ఏమన్నారో నాకు వినల్ల."

ఆ వారమంతా నేను ఇంట్లో కూర్చుని ఏం మాట్లాడాలో అనుకున్నాను. శనివారం వెళ్ళాను. గుడి ముందు నలభై యాభై మంది ఉన్నారు. ఈశ్వరి ఒక పక్కన నిలబడింది. పూజారి హారతి ఇచ్చాక నేను గట్టిగా చెప్పాను. నేను ఫలానా గంగాధరాచారిని. తిరుపాలమ్మ దండలో రాగి కలిపింది నేను. వనజాక్షి ఏ పాపం ఎరుగదు.

అరుగు మీద కూర్చున్న ఎర్రన్న అనే పెద్దమనిషి నవ్వాడు. ప్రమాణం చేయించినవాడు ఆయనే.

"ఏమప్పా ఆచారీ, బెంగుళూరోళ్ళు ఎంత ఇచ్చినారు?"

నాకు అర్థం కావడానికి కొంచెం పట్టింది.

"ఎవరూ ఏమీ ఇవ్వలేదు. నా అంతట నేనే వచ్చినాను."

"మూడేండ్లు నోట్లో ఏం పెట్టుకోనుంటివి మళ్ళ? ఆ పొద్దు కాగితం రాసింది నువ్వే. చూసుకోండి అనింది నువ్వే. అది నిజమా, ఇది నిజమా? యాదో ఒకటి చెప్పు."

"ఆ పొద్దు భయపడి అన్నాను. ఇది నిజం."

"అన్నా, బ్యాంకోళ్ళు ఈయన్ని తీసేసినారంట. నిన్న ఆంజినమ్మ చెప్పింది," అన్నాడు వెనకనుంచి ఒకడు. "దుడ్లకు కటకటగా ఉంటాది. కేశవ ఏదో ముట్టజెప్పింటాడు."

"ఊర్లోకి మళ్ళీ రావల్ల కదా వాళ్ళు. దారి చేసుకుంటాండారు," అన్నాడు ఇంకొకడు.

నవ్వులు. ఈశ్వరి ముందుకు వచ్చింది. "నా దండ గురించి నేను చెప్తాండా. ఈయన చెప్పేది నిజమే. నేను నమ్ముతాండా. తప్పు నాది."

"నువ్వు తమ్ముడి మీద పాణం పెట్టుకోని చెప్తాండావులే ఈశ్వరీ," అన్నాడు ఎర్రన్న. మంచిగానే అన్నాడు.

అప్పుడు ఆడవాళ్ళలో నుంచి ఒక ముసలామె అడిగింది. కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"అట్లయితే నాయనా, దాని కడుపు ఎందుకు పోయింది?"

అందరూ నా వైపు చూశారు. ఆడవాళ్ళకు కడుపులు పోతుంటాయని, పని ఎక్కువైతే పోతాయని, మొగుడు కొడితే పోతాయని, బావి దగ్గర ఒంటరిగా బరువు ఎత్తితే పోతాయని చెప్పవచ్చు. ఏదో చెప్పబోయాను. అవేవీ వాళ్ళకు జవాబు కావు. దేవుడు చెప్పాడని వాళ్ళు అనుకుంటున్నారు. దేవుడి మాట మీద ఒక దొంగ కంసాలి మాట ఎక్కడ నిలుస్తుంది?

"నేనూ ప్రమాణం చేస్తాను," అన్నాను. "కర్పూరం వెలిగించండి."

పూజారి ఎర్రన్న వైపు చూశాడు. ఎర్రన్న చెయ్యి ఊపాడు.

"వద్దులేప్పా. నీకు పెండ్లాం లేదు, పిల్లల్లేరు, ఆవు లేదు, గొడ్డు లేదు. ప్రమాణం చేయల్లంటే పోయేది ఏమన్నా ఉండల్ల కదా. నీకేం పోతాది?"

జనం ప్రసాదం కోసం లేచారు. కొబ్బరి ముక్కలు పంచారు. నాకూ ఒకటి పెట్టారు.

గుడి వెనక్కి పోయి వనజాక్షికి ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తింది.

"చెప్తివా?"

"చెప్పినాను."

"నమ్మినారా?"

"లేదమ్మా. నమ్మలేదు."

అవతల ఎక్కడో లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు వచ్చింది.

"నేను చెప్పినప్పుడు కూడా ఇంతే," అన్నది వనజాక్షి. "ఎట్లుండాది నీకు?"

నేను జవాబు చెప్పేలోపు ఫోను పెట్టేసింది.